స్టాకు రిజిస్టరులో అత్తయ్యగారు

మా పిల్లలిద్దరూ ఇంట్లోనే చదువుకుంటున్నారని గృహవిద్యా క్రమబద్ధీకరణ మండలికి నిజం చెప్పడం నేను చేసిన మొదటి తప్పు. వాళ్ళ ఫారంలో పంతొమ్మిదో గడిలో కూడా నిజమే రాయడం రెండో తప్పు. బి.ఎస్సీ. చదివినదాన్ని, ఫారం నింపేటప్పుడు నిజంతో పనేమిటని నాకు తట్టి ఉండాల్సింది.

ముందు పిల్లల సంగతి. వైదేహికి తొమ్మిదేళ్ళు. అడిగితే ఒక జవాబు, అడక్కపోతే రెండు జవాబులు చెప్పే రకం. నీలూకి ఆరు. వాణ్ణి కిందటేడు కాకినాడలోనే, మా పేటలో ఉన్న బడిలో వేశాం. ఎనిమిది నెలలు వెళ్ళాడు. ఆ ఎనిమిది నెలల్లో అక్కడ ఒక్క మాట మాట్లాడలేదు. ఆ సంగతి ప్రోగ్రెస్ కార్డు వచ్చేదాకా మాకు తెలియదు. అందులో "ప్రవర్తన: అత్యుత్తమం. గొంతు ఇంతవరకు వినలేదు. ఇలాగే కొనసాగాలి" అని ఎర్ర సిరాతో మెచ్చుకున్నారు. ఆ వారమే వాడు మా వంటింటి గుమ్మంలో చెయ్యెత్తి నిలబడ్డాడు. ఏమిట్రా అంటే పలకడు. కాసేపటికి అర్థమైంది, మంచినీళ్ళు కావాలట. సొంత ఇంట్లో, సొంత కుండలో నీళ్ళు ముంచుకోవడానికి అనుమతి అడుగుతున్నాడు. మర్నాటి నుంచి ఇద్దర్నీ బడి మాన్పించాను.

ఆ తరవాత మా ఇంట్లో చదువు ఎలా సాగిందంటే, పొద్దున్న టిఫిన్లయ్యాక అష్టాచెమ్మా. అది లెక్కలు. మా అత్తగారు మంగతాయారుగారు డెబ్బై మూడేళ్ళ మనిషి, గవ్వలు వేయడంలో ఎంత నేర్పరో, పడినవాటిని మార్చి చెప్పడంలో అంతకు రెట్టింపు నేర్పరి. ఆవిడ నాలుగు పడితే ఎనిమిదంటారు. పిల్లలు గవ్వ గవ్వా లెక్కపెట్టి ఆవిణ్ణి పట్టుకోవాలి. కూడికలు, తీసివేతలు, మనుషుల మీద అపనమ్మకం, మూడూ ఒక్క ఆటలోనే వచ్చేస్తాయి.

తరవాత రాత. నానమ్మ చేసిన మోసాల మీద వైదేహి అర్జీ రాస్తుంది, నానమ్మ దానికి సంజాయిషీ రాస్తారు, నీలూ రెండూ పైకి చదివి తీర్పు చెబుతాడు. మధ్యాహ్నం చరిత్ర. చరిత్ర మా వంటింటి అటక మీద ఉంది. మా అత్తగారి కాపురంలో వచ్చిన ప్రతి గిన్నె మీదా చుక్కలు చుక్కలుగా ఒక పేరు, ఒక తారీకు చెక్కించి ఉంటాయి. ఎవరి పెళ్ళికి ఎవరిచ్చారు, ఎవరి పేరు ముందు, ఎవరి పేరు వెనక. ఒక ఇత్తడి బిందె మీద ఒక పేరును ఆకురాయితో అరగదీసి, దాని మీద మరో పేరు చెక్కించారు. అది మా మామగారూ ఆయన తమ్ముడూ వేరుపడిన ఏడు. రాజ్యాలు ఎలా చీలతాయో పిల్లలకు ఆ బిందెతోనే బోధపడింది. నీలూకి ఓనమాలు గిన్నెల మీదే వచ్చాయి. ఆరు నెలల్లో వాడి నోరు తెరుచుకుంది, ఇక మూతపడలేదు.

పంతొమ్మిదో గడి ఏమిటంటే, "బోధనకు వినియోగించు సామగ్రి." నేను రాశాను: "ఇంట్లో ఉన్నవే. గవ్వలు, గిన్నెలు, అత్తయ్యగారు."

పదిహేను రోజులకు మండలి తరపున కూర్మారావుగారు వచ్చారు. గృహవిద్యా పర్యవేక్షకులు, రెండో శ్రేణి. యాభై దాటిన మనిషి, చంకలో రిజిస్టరు, చేతి సంచిలో ఎర్ర రంగు డబ్బా, సన్న కుంచె. వస్తూనే నిబంధన చదివి వినిపించారు.

"నిబంధన పద్నాలుగు. గృహమందు బాలుడు గాని బాలిక గాని ఏ వస్తువు వలన విద్య నార్జించునో ఆ వస్తువు బోధనా సామగ్రిగా పరిగణింపబడును. సదరు సామగ్రి స్టాకు రిజిస్టరునందు నమోదు కావలెను. అన్య ప్రయోజనములకు వాడరాదు. ఆవరణ దాటి బయటికి పోరాదు."

"అన్య ప్రయోజనం అంటే ఏమిటండీ?" అన్నాను.

"ఉదాహరణకు, సదరు గిన్నెయందు పప్పు వండుట."

మా ఆయన శేషగిరి నీటిపారుదల కార్యాలయంలో పనిచేస్తారు. నిబంధన అనే మాట చెవిన పడితే కూర్చున్నవారు లేచి నిలబడతారు. అప్పటికే నిలబడి ఉన్నారు కాబట్టి నిచ్చెన తెచ్చి అటక ఎక్కారు. ఒక్కొక్క గిన్నే దించడం, కూర్మారావుగారు దాని మీద అక్షరాలు చదవడం, అడుగున ఎర్రగా అంకె వేయడం. గవ్వలు నాలుగింటికీ నాలుగు అంకెలు. అష్టాచెమ్మా గళ్ళు గీసిన పీటకు ఒకటి. నలభై ఆరు దాకా సాఫీగానే నడిచింది. నలభై ఏడు దగ్గర కలం ఆగింది.

"అత్తయ్యగారు," అని చదివి, ఆవిడ వంక చూశారు. ఆవిడ కిటికీ పక్కన చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. "సదరు వృద్ధురాలిని ఏ పద్దు కింద చూపవలెనన్నది ఆలోచించవలసిన విషయం. మాకున్నవి రెండే పద్దులు. వాడగా అరిగిపోవునవి, అరగనివి."

"నా మోకాళ్ళు అరిగాయి బాబూ," అన్నారు అత్తగారు. "మిగతాదంతా బాగానే ఉంది."

"భాగశః అరిగినవాటికి గడి లేదమ్మా."

"మరి అరగనిదని రాసుకో. నా కోడలికీ అదే అనుమానం."

కూర్మారావుగారు అలాగే రాసుకున్నారు. అంకె ఎక్కడ వేయాలన్న ప్రశ్న వచ్చింది. పాదం మీద వేస్తే కడుక్కున్నప్పుడు పోతుందని, చీర మీద వేస్తే రోజూ మారుతుందని మా ఆయనా ఆయనా చర్చించి, చివరికి ఆవిడ కూర్చునే కుర్చీ వీపున వేశారు. వెళుతూ వెళుతూ ఆయన చెప్పిన సారాంశం ఇది. రిజిస్టరూ రంగూ మా దగ్గరే ఉంటాయి, పిల్లలు కొత్తగా దేన్నుంచి నేర్చుకున్నా మేమే రాసుకోవాలి. నెలాఖరున మళ్ళీ వస్తారు. అప్పటికి సామగ్రి అంతా లెక్క ప్రకారం ఉండాలి. పిల్లలిద్దరికీ మౌఖిక పరీక్ష ఉంటుంది. అందులో ఏ ఒక్కరు నోరు విప్పకపోయినా ఇంటి చదువుకు అనుమతి రాదు, ఆ పిల్లను గాని పిల్లవాణ్ణి గాని పూర్వపు బడికి తిరిగి పంపాలి.

పూర్వపు బడి అనే మాట వినగానే నీలూ నా కొంగు పట్టుకున్నాడు.

ఆ నెల మా ఇంట్లో వంట రెండే పాత్రల్లో జరిగింది. పేరు చెక్కించనివి ఇంట్లో అవే. ఒకటి కుక్కరు, రెండోది పాలు కాచే గిన్నె. పొద్దున్న కాఫీ, దాంట్లోనే సాంబారు, సాయంత్రం దాంట్లోనే మళ్ళీ పాలు. మూడో రోజుకి కాఫీకి ఇంగువ వాసన పట్టింది. అటక మీద నలభై గిన్నెలు విద్యావంతుల్లా బోర్లా పడుకుని ఉన్నాయి. ఒక్క గిన్నె దించుకుంటానంటే మా ఆయన ఒప్పుకోలేదు.

"మండలివాళ్ళు ఏ క్షణంలోనైనా రావచ్చు హైమా. రసంతో దొరికిపోతే ఏం చెబుతాం?"

"ప్రయోగశాల అని చెబుదాం."

"అప్పుడు పొయ్యి కూడా రాయాలి."

అది నిజమే కాబట్టి ఊరుకున్నాను. అసలు చిక్కు వేరే వచ్చింది. నీలూ కొత్తగా చదవడం వచ్చినవాడు. కనిపించినదల్లా పైకి చదువుతాడు. బియ్యం బస్తా మీద అక్షరాలు చదివాడు. బస్తా నలభై ఎనిమిదయింది. గోడ మీద క్యాలెండరు, వాళ్ళ నాన్న చొక్కా కాలరు లోపలి పట్టీ, తలుపు గొళ్ళెం మీద కంపెనీ పేరు, అన్నీ చదివాడు, అన్నీ రిజిస్టరుకెక్కాయి. మా ఆయన నిజాయితీపరులు, ఆ చొక్కా మళ్ళీ తొడుక్కోలేదు. గొళ్ళెం బోధనా సామగ్రి కాబట్టి తలుపుకు తాడు కట్టాం. నూట ముప్ఫైకి వచ్చేసరికి ఇంట్లో వాడుకోవడానికి మిగిలిన వస్తువులు తగ్గిపోయి, అక్షరాలున్నవాటి మీద పాత న్యూస్ పేపర్లు అంటించాం. వాడు వాటిని చదివాడు. పేపర్లు తీసేసి తువ్వాళ్ళు కప్పాం. తువ్వాలు అంచున కూడా ఏదో నేసి ఉంది.

ఇక వాణ్ణే బతిమాలడం మొదలుపెట్టాం. పిల్లవాడికి చదువు చెప్పుకునే హక్కు నిలబెట్టుకోవడానికి ఇంటిల్లిపాదీ కలిసి పిల్లవాడి చేత చదువు మాన్పించడానికి కష్టపడ్డాం.

"ఒరేయ్, అటు చూడకు నాన్నా. అది అగ్గిపెట్టె. అదీ పోతే రేపు స్టవ్వు ఎలా వెలిగిస్తాను?"

"చదివితే తప్పా అమ్మా?"

"తప్పు కాదు. రాసుకోవాలి, అంతే."

వాడు తల వంచుకున్నాడు. ఆ వారంలో వాడి మాటలు సగానికి తగ్గాయి. పై వారం మిగిలిన సగం కూడా పోయింది. నెల చివరి సోమవారం నేను కూర తరుగుతుంటే వంటింటి గుమ్మంలో చప్పుడు లేకుండా ఎవరో నిలబడ్డట్టనిపించింది. తల తిప్పి చూస్తే నీలూ. చెయ్యెత్తి ఉన్నాడు. వాడికి మంచినీళ్ళిచ్చి, అటు తిరిగి ఉల్లిపాయలు కాస్త ఎక్కువే తరిగాను.

ఈలోగా అత్తగారికి పెద్దాపురం నుంచి కబురు వచ్చింది. ఆవిడ చెల్లెలు సుభద్రమ్మగారి మనవరాలికి సీమంతం. తనకు నలభై ఏళ్ళుగా ఏ సీమంతమూ తప్పలేదన్నారు అత్తగారు. మా ఆయన నిబంధన చూపించారు. ఆవరణ దాటి బయటికి పోరాదు.

"నేనేమైనా బిందెనా?"

"బిందె మూడో పేజీలో ఉందమ్మా. నువ్వు కూడా అదే పేజీ."

నేను మండలికి ఉత్తరం రాశాను. ఆశ్చర్యంగా నాలుగు రోజుల్లోనే జవాబు వచ్చింది. "క్రమసంఖ్య 47 గల సామగ్రిని తాత్కాలికముగా బయటికి పంపదలచినచో, సమాన వర్ణన గల ప్రత్యామ్నాయమును ఆ కాలమునకు ఆవరణయందు ఉంచవలెను." అంటే ఆవిడ వయసే ఉండి, ఆవిడ చరిత్రే తెలిసిన మరొకరు. అలాంటి మనిషి ప్రపంచంలో ఒక్కరే ఉన్నారు, పెద్దాపురం సుభద్రమ్మగారు. ఆవిడ వచ్చి మా ఇంట్లో కూర్చుంటే, మా అత్తగారు వెళ్ళి ఆవిడ ఇంట్లో ఆవిడ మనవరాలి సీమంతం చేయించవచ్చు.

"ఆ ఉత్తరం రాసినవాణ్ణి ఒకసారి పంపించు," అన్నారు అత్తగారు. "నాతో అష్టాచెమ్మా ఆడిస్తాను."

సీమంతం రేపనగా, ఆ రోజే నెలాఖరు తనిఖీ. కూర్మారావుగారు సరిగ్గా పదింటికి వచ్చారు. మా ఆయన సెలవు పెట్టి, సామగ్రి అంతా హాల్లో వరసగా పరిచారు. నూట అరవై దాటాక హాలు సరిపోలేదు, మంచం మీదా సర్దారు. చివర కుర్చీలో అత్తగారు. కూర్మారావుగారు నూట అరవై నుంచి రెండు వందల పన్నెండు దాకా మంచం చుట్టూ తిరిగి లెక్కపెట్టి, "పరమ సంతృప్తికరం," అన్నారు. మా ఆయన కళ్ళు చెమర్చాయి.

వైదేహి పరీక్ష మూడు నిమిషాల్లో అయిపోయింది. ఆయన మూడు ప్రశ్నలడిగితే అది ఏడు జవాబులు చెప్పింది. తరవాత నీలూ వంతు. వాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నీ పేరు?"

మౌనం.

"మన రాష్ట్రమందు పెద్ద నది?"

మౌనం.

"ఇదిగో, ఈ బిందె పైన ఏమి రాసి ఉన్నది?"

నీలూ బిందె వైపు చూశాడు. పెదవులు కదిలాయి. తరవాత వాళ్ళ నాన్న చేతిలో రిజిస్టరు చూసి మూసుకున్నాడు. కూర్మారావుగారు నా వైపు తిరిగారు.

"కుర్రవాని క్రమశిక్షణ మెచ్చదగినది. కాని మౌఖికమునకు వేరే గడి ఉన్నది. అది ఖాళీగా పోరాదు. భోజన విరామానంతరం మరొక అవకాశం ఇస్తాను. అప్పటికీ పలకనిచో పూర్వపు పాఠశాలకు సిఫారసు చేయుట మినహా నాకు మార్గం లేదు."

తనిఖీ చేసే ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టకూడదని వాళ్ళకు మరో నిబంధన. ఆయన వీధి అరుగు మీద కూర్చుని సంచిలోంచి ఒక పాత స్టీలు డబ్బా తీశారు. మూత తీసి పక్కన పెట్టి, పెరుగన్నం కలుపుకోవడం మొదలుపెట్టారు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. నీలూ మెల్లిగా గుమ్మం దాటి వెళ్ళి, ఆ మూత దగ్గర గొంతుక్కూర్చున్నాడు. దాని మీద చుక్కలు చుక్కలుగా అక్షరాలున్నాయి. వెనక్కి తిరిగి చూశాడు, నాన్న లేడు. రిజిస్టరు లేదు.

"స-మి-తి ప్రా-థ-మి-క పా-ఠ-శా-ల," అని వినపడీ వినపడకుండా మొదలుపెట్టాడు. "గోనెసంచి పరుగు. రెండో బహుమతి. చిరంజీవి కూర్మారావు. పంతొమ్మిది వందల ఎనభై ఒకటి." తల ఎత్తి అడిగాడు. "చిరంజీవి కూర్మారావు అంటే మీరేనా?"

కూర్మారావుగారి ముద్ద చేతిలోనే ఆగింది. "ఊఁ."

"మరి మొదటి బహుమతి ఎవరికి?"

"పోలినాయుడికి."

"ఎందుకు?"

"ఆడి గోనె పెద్దది. ధాన్యం గోనె. నాది పంచదార గోనె, మోకాళ్ళు దాటలేదు."

ఆయన ఏ ఊరివారో నాకు అప్పుడే తెలిసింది. అంతవరకు ఆయన మాటల్లో ఊరు లేదు.

"పడిపోయారా?"

"గీత కాడికి వచ్చీసాక పడిపోనాను. రెండే అడుగులు. నేనేటి సేస్తాను మరి?"

"ఏడిచారా?"

ఆయన చుట్టూ చూశారు. "అది తనిఖీ పరిధిలోకి రాదు."

"ఏడిచారు," అన్నాడు నీలూ. "పోలినాయుడికి ఏమిచ్చారు? ఆయన డబ్బా దీనికంటే పెద్దదా? ఆయన ఇప్పుడు ఎక్కడున్నారు? మీరు మళ్ళీ పరిగెత్తారా? పంచదార అంటుకుందా కాళ్ళకి?"

ఇరవై నిమిషాలు. కిటికీ దగ్గర వైదేహి వేళ్ళ మీద లెక్కపెట్టింది, ముప్ఫై ఒక్క ప్రశ్నలు. ఆయన అన్నిటికీ జవాబు చెప్పారు. పంచదార అంటుకుందట. చీమలు కూడా పట్టాయట.

లోపలికి వచ్చేసరికి కూర్మారావుగారు మళ్ళీ రెండో శ్రేణి అధికారి అయిపోయారు. నేను ఆశగా అడిగాను. "వాడు మాట్లాడాడు కదండీ."

"మాట్లాడెను. కాని అతడు ప్రశ్నించెను. ఫారమునందు గడి జవాబులకు మాత్రమే ఉన్నది. పిల్లవాని ప్రశ్నలకు మండలి గడి కల్పించలేదు. చాలా విచారిస్తున్నాను." డబ్బా కడిగి, తుడిచి, సంచిలో పెట్టుకోబోయారు.

నేను రిజిస్టరు తెరిచి ఆయన ముందుంచాను.

"ఒక్క నిమిషం కూర్మారావుగారూ. క్రమసంఖ్య రెండు వందల పదమూడు రాసి వెళ్ళండి. స్టీలు డబ్బా, మూతతో సహా."

"ఇది నా సొంత డబ్బా అమ్మా."

"అత్తయ్యగారు కూడా మా సొంతమేనండి. దీని వల్ల పిల్లవాడు చదవడం, చరిత్ర, ఆటలు మూడూ నేర్చుకున్నాడు. నిబంధన పద్నాలుగు ప్రకారం ఇది ఆవరణ దాటి పోరాదు. పెరుగన్నం కూడా పెట్టుకోరాదు."

మా ఆయన ఎప్పుడు తెచ్చారో, ఎర్ర రంగు డబ్బా మూత తీసి కుంచె ముంచుతున్నారు. ఆయనకు వెటకారం తెలియదు, నిబంధన అంటే నిబంధనే. కూర్మారావుగారు తన నిబంధన తానే రెండుసార్లు చదువుకున్నారు. డబ్బాను రెండు చేతులతో పట్టుకున్నారు.

"ఇది నలభై ఏళ్ళుగా నా దగ్గరే ఉందమ్మా."

"జవాబులన్నీ చెప్పింది ఆయనే కదా," అన్నారు కుర్చీలోంచి నలభై ఏడో నంబరు. "డబ్బాకేం తెలుసు పాపం. ఆయన్ని కూడా రాయవే హైమా, రెండు వందల పద్నాలుగు. నాకు తోడుంటాడు. అష్టాచెమ్మాకి మనిషి కావాలి."

కూర్మారావుగారు కూర్చున్నారు. నిబంధనల పుస్తకం చివరి పేజీ తిప్పి, అనుమతి మంజూరైన ఇళ్ళలో గృహోపకరణములు, కుటుంబ సభ్యులు, అతిథుల వస్తువులు స్టాకు నుంచి విడుదలగునని గొంతు తగ్గించి చదివారు. ఆ సంగతి మాకు మొదటిసారి ఎందుకు చెప్పలేదని నేనడగలేదు. అడిగితే దానికీ గడి లేదనేవారు.

ఆయన మౌఖికం గడిలో నిదానంగా నాలుగు వరసలు రాసి, సంతకం పెట్టి, కవరులో పెట్టి అంటించి, డబ్బా సంచిలో వేసుకుని వెళ్ళిపోయారు. గుమ్మం దగ్గర ఆగి నీలూ తల మీద చెయ్యి వేశారు. మర్నాడు పొద్దున్న బస్సుకి అత్తగారు పెద్దాపురం వెళ్ళారు, సీమంతానికి ఇవ్వడానికి అటక మీది వెండి గిన్నె ఒకటి తీసుకుని. దాని అడుగున ఎర్ర అంకె ఎంత తోమినా పోలేదు.

పది రోజులకు మండలి నుంచి అనుమతి పత్రం వచ్చింది. నీలూయే కవరు చించి, నేల మీద బాసింపట్టు వేసుకుని పైకి చదివాడు.

"మౌఖిక పరీక్ష. ప్రశ్నించినవారు: చిరంజీవి నీలకంఠం, ఆరేళ్ళు. జవాబులు చెప్పినవారు: పి. కూర్మారావు, యాభై రెండేళ్ళు. ముప్ఫై ఒకటికి ముప్ఫై ఒకటి. ఉత్తీర్ణులు. గృహవిద్య కొనసాగించవచ్చును."

చదవడం అయ్యాక లేచి వంటింట్లోకి వెళ్ళాడు. కుండ మూత తీసిన చప్పుడు, గ్లాసు ముంచిన చప్పుడు వినిపించాయి. ఎవర్నీ అడగలేదు. మూతి తుడుచుకుంటూ వచ్చి కాగితం మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"అమ్మా, పోలినాయుడు రాలేదు కదా ఈ పరీక్షకి."

"రాలేదు."

"అయితే ఈసారి మొదటి బహుమతి కూర్మారావుగారికే," అన్నాడు. "డబ్బా మనం ఇద్దామా? పేరు నేను చెక్కిస్తాను."